చేపల పుట్టిల్లు

నీళ్ళ మీద కలుపుకి మందు కొట్టడం మా ఇంటి పని. పొలంలో కలుపు తీసేవాళ్ళు లోకం నిండా ఉన్నారు గానీ, నీళ్ళ మీద కలుపుని చంపేవాళ్ళు భూమండలం మొత్తానికీ మేం ముగ్గురమేనని నేను చాలాకాలం చెప్పుకు తిరిగాను. ఎవరూ కాదనలేదు. వింటున్నవాళ్ళు సగంలోనే లేచిపోయేవాళ్ళు మరి.

మా ఆయన పడవ ముందువైపు నిలబడి మందు కొడతాడు. నేను వెనక నిలబడి గెడ వేస్తాను. ఆయన చెల్లెలు గట్టు మీద మందు కలిపి అందిస్తుంది. పడవ తనదేనని ఆయన అనుకుంటాడు. గెడ ఎవరి చేతిలో ఉంటే పడవ వాళ్ళది, కాపరమైనా అంతేనని నేనంటే వినపడనట్టు మొహం పెడతాడు. మందు కొట్టే మోటారు మోతకి చెవులు పోయాయట. "అన్నం" అని గొణిగితే మాత్రం ఆమడ దూరం నుంచి వినపడుతుంది.

ఆడపడుచుని అందరం పిట్ట అంటాం. వస పోసిన పిట్ట. నిద్రలో కూడా మాట్లాడుతుంది, మధ్యలో ఆవులించి, ఆపినచోటి నుంచే మళ్ళీ అందుకుంటుంది. ఒక సాయంత్రం చేతిసంచీతో, చిట్లిన పెదవితో మా గుమ్మంలో నిలబడింది. ఎందుకొచ్చావని మేం అడగలేదు, ఎన్నాళ్ళుంటావనీ అడగలేదు. నేను మంచం కాస్త జరిపాను, మా ఆయన దుప్పటి తెచ్చాడు. మర్నాటి నుంచి మా చెవులకి సెలవంటూ లేదు.

ఆ ఏడు ఒక ఫ్యాక్టరీ వాళ్ళు మమ్మల్ని పిలిచారు. వాళ్ళ యంత్రాలు చల్లబడాలంటే వెనక ఉన్న చెరువు నుంచి నీళ్ళు పోవాలి. ఆ చెరువు మీద గుర్రపుడెక్క ఎంత పెరిగిందంటే, అడుగున నీళ్ళున్నాయని ఎవరైనా ఒట్టు వేసి చెప్తేగాని నమ్మలేం. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒకటే పచ్చ పరుపు. దాని మీద మంచం వేసుకుని, మంచం మీద మనిషి పడుకుని, మనిషి మీద పిల్లి పడుకున్నా మునగదు. దాని వేళ్ళు పోయి పంపు గొంతులో అడ్డం పడటం, పంపు కాలిపోవటం రోజూ ఉన్నదే.

"ఈ చెరువులో నీళ్ళెలా ఉంటాయో నేను చూళ్ళేదమ్మా," అన్నాడు మేనేజరు. "నాకు ముందు చేసినాయనా చూళ్ళేదు. ఆయనకి ముందాయనా చూళ్ళేదు."

"మేం చూపిస్తాంగా! మీ మొహం మీరు చూసుకుని జడుసుకునేంత అద్దంలా చేసిపెడతాం," అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వినప్పుడు చూశాను, పాపం, నిజంగానే జడుసుకునే మొహం.

పంపు షెడ్డుని ఆనుకుని ఉన్న గది మాకిచ్చారు. ఒకటే కిటికీ, అదీ చెరువు వైపు. తలుపు తీస్తే నాలుగు మెట్లు, మెట్ల కింద బురద, బురద చివర ఆకు. పడుకుంటే పచ్చి వాసన వచ్చేది. కోసిన గడ్డి, తడిసిన ఇనుము కలిపి మూకుడు బోర్లించినట్టు గదంతా కమ్ముకునేది.

మా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఈ ఆకు మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. మందు దాని మీద నిలవక జారిపోతుంది, అందుకని జిగురు కలుపుతాం. ఎక్కడ కొట్టామో ఎక్కడ కొట్టలేదో తెలియడానికి నీలం రంగు కూడా కలుపుతాం. ఆకు మీద ఆ రంగు ఒక ఎండకీ ఒక మంచుకీ వెలిసిపోతుంది. ఒంటికి అంటితే మాత్రం చర్మం ఊడినా పోదు. మా ఆయన ముంజేతులు చూసి కొత్తవాళ్ళు దండం పెట్టబోయి ఆగిపోతుంటారు. ఆకు ఒత్తుగా ఉన్నచోట రెండు తడులు కొట్టాలి. మొదటి తడి పై ఆకుకి, మర్నాడు రెండో తడి కింది ఆకుకి. అది వెంటనే చావదు. వారం పైగా ఏమీ జరగనట్టు పచ్చగా నవ్వుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. చెరువంతా ఒక్కసారి కొట్టకూడదు. చచ్చిన ఆకు కుళ్ళితే నీళ్ళలో గాలి అయిపోతుంది, చేపలకి ఊపిరాడదు. అందుకని ఎప్పుడూ ఒక ముక్క కొట్టకుండా వదలాలి. మిగతాదంతా కుళ్ళి, మునిగి, నీళ్ళు తేరుకునే దాకా చేపలన్నీ ఆ ముక్క కింద తలదాచుకుంటాయి. దానికి పుట్టిల్లని పేరు పెట్టింది పిట్ట.

"అన్నయ్యా, పుట్టిల్లు ఎటు వదుల్తున్నావు?" అని ముందు అడిగేది. ఆయన చెయ్యి చూపించాకే మందు డబ్బా మూత తీసేది.

ఈసారి పుట్టిల్లు అవతలి గట్టున వదిలాం.

మొదలుపెట్టిన ఉదయం గాలి పిసరంత కూడా లేదు. మందు కొట్టడానికి అలాగే ఉండాలి. పడవ ఆకుని చీల్చుకుంటూ పోతుంటే సర్... సర్... మని రెండు పక్కలా రాసుకుంటోంది. మా ఆయన గొట్టం అటూ ఇటూ ఊపుతున్నాడు. ఆకుల మీద నీలం చినుకులు పడుతున్నాయి.

అప్పుడు పడవ ముందర ఆకులు లేచాయి. కింద నుంచి ఎవరో భుజంతో ఎత్తినట్టు లేచి, పడ్డాయి. మళ్ళీ కాస్త ముందు లేచాయి. అలా ఒక గీత గీసినట్టు మా ముందు నుంచి కొట్టని వైపుకి పోయి ఆగింది.

"పెద్ద చేప," అన్నాడు మా ఆయన.

"మీ చొక్కా దానికి సరిగ్గా సరిపోయేట్టుంది," అన్నాను.

మేం దగ్గరకి పోతే ఆ గీత ఇంకాస్త ముందుకి పోయింది. మేం ఆగితే ఆగింది. ఎక్కడ నీలం పడిందో అక్కడికి మాత్రం తిరిగి రాలేదు. గట్టెక్కాక పిట్టకి దాన్ని ఏనుగంత చేసి చెప్పాను. "తొండం కూడా చూశావా వదినా?" అంది. చూశానన్నాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. కుండెడు నీళ్ళతో చేతులు కడుక్కుంటూ చెరువు వైపే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే మొదలైంది చప్పుడు.

గుర్రపుడెక్క కాడకి అడుగున బుడగలాంటి బుడిపె ఉంటుంది. దానివల్లే తేలుతుంది. వేలితో నొక్కితే టప్‌మని పగులుతుంది, పిల్లలు ఆడుకుంటారు. ఆ చప్పుడే చెరువు నడిమి నుంచి వచ్చింది. టప్. కాసేపు ఏమీ లేదు. టప్. టప్. ఎవరో ఆకు అడుగున, నీళ్ళలో నుంచి, చేతులతో పైకప్పు పట్టుకుని నడిచినట్టు... ఒక్కో బుడగా నొక్కుకుంటూ... అవతలి గట్టు వైపు పోతోంది.

"కప్పలు," అన్నాడు మా ఆయన.

పిట్ట మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగింది. తల పక్కకి వంచి వింది.

"చాలా నెమ్మదిగా పోతోంది కదూ?" అంది. "చప్పుడు చెయ్యకూడదనుకుని పోతున్నట్టు."

కొట్టిన ఆకు కొన్నాళ్ళకి వడలింది, మెలితిరిగింది, గోధుమరంగుకి మారి మునిగింది. నడిమి నీళ్ళు బయటపడ్డాయి. అంత నల్లటి నీళ్ళు నేను చూళ్ళేదు. తారు కాచి పోశారా అన్నట్టుంది. ఇందులో పెంచి చెప్పేదేం లేదు, మా ఆయన్ని అడిగినా తారనే అంటాడు. పైన ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా ఆ నడిమిలో మాత్రం తెలుపు కనపడేది కాదు. లోతు ఎక్కువనుకున్నాం.

ఇప్పుడు అవతలి గట్టున మిగిలిన పచ్చ ముక్కలో సగం కొట్టి, సగం పుట్టిల్లుగా ఉంచాలి. గట్టు మీద రెండు గడలు పాతి ఎర్రగుడ్డలు కట్టాం. ఈ గుడ్డ నుంచి ఆ గుడ్డ వరకు కొట్టేది, ఆ గుడ్డ అవతలది పుట్టిల్లు. ఆకు కదలకుండా నీళ్ళకి అడ్డంగా తాడు కూడా కట్టాలి. కానీ ఎర్రగుడ్డలు పిండి ఆరేసినవాటిలా కిందికి వేలాడుతున్నాయి. ఆకు కదలాలంటే గాలి ఉండాలిగా? తాడు అక్కర్లేదన్నాడు మా ఆయన. ఎవరైనా అదే అనేవారు.

మొదటి తడి కొట్టి వెనక్కి తిరిగేటప్పుడు నా గెడ ఆగిపోయింది.

బురదలో దిగబడిందనుకుని లాగాను. రాలేదు. బురద పట్టు వేరు, అది చప్పరిస్తుంది. ఇది అలా కాదు. కింద ఎవరో గెడని పట్టుకున్నారు. లాగటం లేదు, తొయ్యటం లేదు. ఊరికే పట్టుకుని ఉన్నారు. పిల్లలు జనంలో తప్పిపోకుండా అమ్మ కొంగు పట్టుకున్నట్టు.

"ఏమండీ..." అన్నాను.

ఆయన తిరిగి చూసేలోపు వదిలేసింది. ఒక్కో వేలూ విప్పినట్టు వదిలింది. గెడ పైకి తీశాను. చివర నీలం మరకలున్నాయి. సన్నగా, పొడుగ్గా, చుట్టూ చుట్టుకుని. నాలుగు. పక్కనే ఇంకో నాలుగు. ఆయన చూశాడు, నేను చూశాను. ఆయన తన చేతి తొడుగు విప్పి ఆ మరకల పక్కన పెట్టి చూసుకున్నాడు. ఆ వేళ్ళు ఆయన వేళ్ళకి రెండింతలున్నాయి.

"నా చెయ్యే జారి అంటుకుని ఉంటుంది," అన్నాడు.

"ఆఁ, మీదే," అన్నాను. అబద్ధాలు నేనే చెప్తాననుకుంటారు జనం.

మర్నాడు మంచు కురిసింది. నీలం వెలిసిపోయి ఆకు మొత్తం ఒకే పచ్చగా ఉంది. గుర్తులు చూసుకుని ఈ ఎర్రగుడ్డ నుంచి ఆ ఎర్రగుడ్డ దాకా రెండో తడి కొట్టాం. ఆ ఉదయం ఆకు కింద గీత ఒకచోట నిలవలేదు. ముందుకి పోయింది, వెనక్కి వచ్చింది, పడవ కింద నుంచి పోయి అటు తేలింది. గూట్లో పాము దూరితే పిచ్చుక కొట్టుకున్నట్టు కొట్టుకుంది. మేం పళ్ళు బిగించి కొట్టేసి వచ్చేశాం.

వారం తర్వాత మందు డబ్బాలు కడుగుతూ పిట్ట తలెత్తింది.

"అన్నయ్యా, పుట్టిల్లు ఎర్రబడుతోందేమిటి?"

ముగ్గురం గట్టున నిలబడి చూశాం. కొట్టిన సగం వడలింది. కొట్టని సగమూ వడలింది. మా ఆయన అరచేతిని నీళ్ళ మీద పెట్టినట్టు గాలిలో పెట్టి, నెమ్మదిగా తిప్పాడు.

"ఆకు తిరిగింది," అన్నాడు. "మొదటి తడి కొట్టిన రాత్రి ఆకు మొత్తం ఇటుది అటు తిరిగింది. మొదటి తడి దీనికి కొట్టాం. రెండో తడి దానికి కొట్టాం. మనం గుడ్డలే చూసుకున్నాం."

"గాలి ఏదండీ?"

ఆ రాత్రి ఆరేసిన బట్టలు పొద్దున ఎలా వేసినవి అలాగే ఉన్నాయి. చీర అంచు మడత కూడా విడలేదు. నాకు గుర్తుంది.

"ఎవరో తిప్పారు," అంది పిట్ట. ఆ తర్వాత ఆ పూటంతా మాట్లాడలేదు. తనకి జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాను.

నాలుగైదు రోజుల్లో చివరి ఆకు కూడా మునిగింది. చెరువు బోసిగా, బట్టలు విప్పినట్టు అయిపోయింది. మేనేజరు వచ్చి చప్పట్లు కొట్టాడు. మా ఆయనకి మాత్రం చేపల బెంగ. ఇంత ఆకు ఒక్కసారి కుళ్ళితే ఒక్క చేపా మిగలదు. చేపలు చచ్చి తేలాయంటే ఇంకే చెరువుకీ మమ్మల్ని పిలవరు. ఫ్యాక్టరీ నుంచి నీళ్ళు చిలికే చక్రం అడిగి తెచ్చాడు. మోటారు మీద తిరుగుతూ, నీళ్ళని ఎగజిమ్మి గాలి కలుపుతుంది. దాన్ని చెరువు నడిమిన లంగరు వేసి కట్టి, రేయింబవళ్ళు తిప్పాడు. పొద్దుగూకేముందు గట్టు నుంచి సీసాలో నీళ్ళు పట్టి, గాలి ఎంతుందో తెలిపే మందు చుక్కలు వేసి చూశాడు. గాలి లేకపోతే ఆ సీసాలో నీళ్ళు పాలలా తెల్లగా అవుతాయి. ఉంటే చిక్కటి కాఫీ రంగు వస్తుంది. కాఫీ రంగు వచ్చింది.

"బతికిపోయాం," అన్నాడు. "కావలసినంత గాలి ఉంది. ఇంక ఒక్క చేప కూడా చావదు."

ఆ ధైర్యంతో పడుకున్నాం.

తెలతెలవారుతుండగా నాకు మెలకువ వచ్చింది. చేపలకి ఊపిరి కష్టమయ్యేది ఆ వేళకే, అందుకని మాకు ఆ వేళకి లేచే అలవాటు. గది నిండా కుళ్ళు వాసన. దాని వెనక ఇంకో వాసన ఉంది. చాలాకాలం మూసిన పెట్టె తెరిస్తే వచ్చే చల్లటి వాసన. బయట చక్రం తిరుగుతున్న చప్పుడు వస్తోంది. దాని మీద ఇంకో చప్పుడు... చప్... చప్... చప్... వందల నోళ్ళు తెరుచుకుని మూసుకుంటున్నట్టు.

పక్కన చెయ్యి వేశాను. పిట్ట లేదు. తలుపు తీసి ఉంది.

మెట్ల మీద నిలబడి చూశాను. నీళ్ళ మీద పొగమంచు. గట్టు పొడుగునా నీటి అంచు కదులుతోంది. చేపలు. చెరువులో ఉన్న చేపలన్నీ గట్టుకి ఒత్తుకుని ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, తలలు బురదలోకి దూర్చి, తోకలు చెరువు వైపు పెట్టి. గాలి కోసం వచ్చిన చేప పైకి నోరు తెరుస్తుంది. ఇవి అలా లేవు. కొన్ని బురద మీదికి పాక్కుంటూ వచ్చేసి, ఇంకా ముందుకే కొట్టుకుంటున్నాయి. నీళ్ళు వద్దన్నట్టు...

ఆ చేపల అవతల, మోకాళ్ళ పై వరకు నీళ్ళలో పిట్ట నిలబడి ఉంది. చేతిలో బొక్కెన. చేపల్ని ఎత్తి గట్టు మీది నీళ్ళ తొట్టిలో వెయ్యడానికి దిగి ఉంటుంది. మొహం చెరువు నడిమి వైపు. వీపు నా వైపు.

"పిట్టా."

పలకలేదు.

"ఏమే పిట్టా! చలిలో ఆ నిలబడటమేమిటే?"

పలకలేదు. మెట్లు దిగాను. బురదలో అడుగు వేశాను. అప్పుడు కనపడింది.

పిట్ట వీపు మీద నేను జడ అనుకున్నది జడ కాదు. తడిసిన తల. పిట్ట వెనక, నీళ్ళలో మడుచుకుని, తన వీపుకి మొహం ఆనించి... చేతులు రెండూ తన నడుం చుట్టూ తిప్పి... సన్నటి, పొడుగాటి చేతులు. మోచేతుల దాకా నీలం.

మెట్ల వైపు ఒక అడుగు వెనక్కి వేశాను.

నా వెనక అడుగుల చప్పుడు. మా ఆయన. లేచి, తలుపు చూసి, కిటికీలోంచి చూసి, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని వచ్చాడు. ఆయన చేతికి దొరికేది ఇంకేముంటుంది? భుజాన మందు ట్యాంకు, చేతిలో గొట్టం. చెల్లెల్ని చూశాడు. వీపున ఉన్నదాన్ని చూశాడు. గొట్టం ఎత్తాడు.

"కొట్టొద్దన్నయ్యా."

పిట్ట తల తిప్పలేదు. పెదవులు కూడా కదపకుండా అంది.

"దాన్ని వదిలించుకుని వచ్చెయ్యవే," అన్నాను. "ఒక్క తోపు తోసి వచ్చెయ్యి. మేం పట్టుకుంటాం."

"అది నన్ను పట్టుకోలేదు వదినా."

"మరి?"

"నా వెనక దాక్కుంది."

చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి. చప్... చప్... ఆ నీలం చేతులు వణకటం అప్పుడు చూశాను. పిట్ట నడుం దగ్గర చీర కుచ్చెళ్ళు ఆ వణుకుకి అదురుతున్నాయి.

"ఇన్నాళ్ళూ ఆకు కింద దాక్కుంది," అంది పిట్ట. "మనం ఆకు తీసేశాం. దానికింకెక్కడుంది చోటు? ఎలా తొయ్యమంటావు?"

"ఎవర్నుంచి దాక్కుందే?" అన్నాడు మా ఆయన.

పిట్ట గడ్డం ఒక్కసారి ముందుకి ఎత్తింది. చెరువు నడిమి వైపు.

చూడకుండా ఉంటే బాగుండేది. చూశాం.

చెరువంతా మంచు ఉంది. నడిమిన లేదు. అక్కడ గుండ్రంగా, కోసి తీసినట్టు, ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో చక్రం తిరుగుతోంది. నీళ్ళు ఎగజిమ్ముతోంది. చక్రం నీళ్ళని కొడితే అలలు పుట్టి గట్టుకి రావాలి. చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇక్కడ అలలు గట్టు దగ్గర పుడుతున్నాయి. మా కాళ్ళ దగ్గర, చేపల తోకల దగ్గర పుట్టి, ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా, నడిమికి పోతున్నాయి. ఎవరో అక్కడ కూర్చుని నీళ్ళని దగ్గరకి లాక్కుంటున్నట్టు.

మందు ట్యాంకులో నీళ్ళు తొణికాయి. మా ఆయన గొట్టం కిందికి దించాడు.

"ఆకు తిప్పింది ఆ నడిమిన ఉన్నదే," అన్నాడు. "దాని పని మన చేత చేయించుకుంది..."

అప్పుడే చక్రం ఆగిపోయింది. మోటారు పోయి ఆగినట్టు కాదు. తిరుగుతున్నదాన్ని చేత్తో పట్టుకుంటే ఎలా ఆగుతుందో అలా.

ఆ తర్వాత నేనేం చేశానో వరసగా గుర్తులేదు. నీళ్ళలోకి ముందు నేనే దూకానంటాను, తనే దూకానని ఆయనంటాడు. చేపల మీద కాళ్ళు జారాయి. పిట్ట భుజాలు నేను పట్టుకున్నాను, చేతులు ఆయన పట్టుకున్నాడు. తనని వెనక్కి తిప్పకుండా, మొహం చెరువు వైపే ఉంచి, వెనక్కి వెనక్కి నడిపించాం. తిప్పితే వీపు అటు వస్తుంది. వీపున ఉన్నది అటు వస్తుంది. అలా చెయ్యకూడదని మాకెవరూ చెప్పలేదు. నా మోచేతికి చల్లటి తడి వెంట్రుకలు తగిలాయి. తగిలినా చెయ్యి తియ్యలేదు. తీస్తే పిట్ట పడిపోతుంది.

నీళ్ళు మా వెంట పడలేదు. వెనక్కి పోతున్నాయి. గట్టు అంచు బురద బయటపడుతోంది, చేపలు ఆ బురదలో మిగిలిపోతున్నాయి. చెరువు ఊపిరి పీల్చుకుంటోంది. ఎంత పీలుస్తుందో, ఎప్పుడు వదులుతుందో చూడటానికి మేం ఆగలేదు.

పడవ వదిలేశాం. డబ్బాలు, మోటారు, బట్టలు, వండుకున్న గిన్నెలు అన్నీ వదిలేశాం. షెడ్డు పక్కన పెట్టిన మా వ్యాన్ ఎక్కాం. మా ఆయన తాళం తిప్పితే మొదటిసారికే బండి కదిలింది. పదేళ్ళలో ఎప్పుడూ మొదటిసారికి కదలని బండి.

రోడ్డు ఎక్కాక కాస్త తెల్లవారింది. వెనక సీట్లో నేనూ పిట్టా. తన చేతులు పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉన్నాయి. పెదవుల్లోకి రంగు వస్తోంది. బతికింది. నా పిట్ట బతికింది. ఏడుపొచ్చింది, దిగమింగాను.

తను ముందుకి వంగి కూర్చుంది. సీటుకి వీపు ఆనించలేదు.

"ఆనుకుని కూర్చోవే. సొమ్మసిల్లుతావు."

పిట్ట తల అడ్డంగా ఊపింది.

"చోటుండాలి వదినా," అంది. నా చేతులు విడిపించుకుని, తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

తనకీ సీటుకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. నేను అటు చూడలేదు. సీటు గుడ్డ నుంచి నీళ్ళు నా కాళ్ళ దగ్గరకి కారుతున్నాయి. సీటు సన్నగా అదురుతోంది. బండి అదురు కాదు, చలికి కోడిపిల్ల అదిరినట్టు.

కొంతదూరం పోయాక ఆ అదురు ఆగిపోయింది. ఒక్కసారిగా. చప్పుడేదో విని ఊపిరి బిగబట్టినట్టు.

"అన్నయ్యా," అంది పిట్ట, చాలా నెమ్మదిగా. "ఇంకాస్త వేగంగా పోనియ్యి."

ఆయన అద్దంలోకి చూశాడు. వెనక రోడ్డు కనపడే అద్దం. ఎంతసేపు చూశాడో... బండి రోడ్డు అంచుకి పోయి మళ్ళీ వచ్చింది. తర్వాత చెయ్యెత్తి ఆ అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. కాలు అదిమాడు. ఏం చూశాడో ఇప్పటిదాకా చెప్పలేదు.

నేను వెనక అద్దం వైపు తల తిప్పబోయాను.

నా చేతి మీద ఒక చెయ్యి పడింది. తడిగా, చల్లగా. వద్దన్నట్టు, బతిమాలుతున్నట్టు, నా వేళ్ళన్నీ కలిపి గట్టిగా పట్టుకుంది.

పిట్ట చేతులు రెండూ తన ఒళ్ళోనే ఉన్నాయి.